మేకు కొట్టకూడని ఇల్లు

జూన్ 8

అక్కా,

ఫోనులో అరిచినందుకు ఏమీ అనుకోకు. నువ్వు కూడా తక్కువేమీ అరవలేదు. ఇకమీదట గొడవలన్నీ ఉత్తరాల్లోనే పడదామన్న నీ సలహా నాకు నచ్చింది. కాగితం మీద ఎంత అరిచినా నీ బీపీ పెరగదు, పక్కగదిలో ఉన్న అమ్మకి వినపడదు.

అమ్మ కులాసాగానే ఉంది. ప్రయాణంలో ఏమీ ఇబ్బంది పెట్టలేదు. నీ మోకాలి ఆపరేషన్ అయి నువ్వు లేచి తిరిగేదాకా నా దగ్గర ఉంచాలని కదా అనుకున్నాం. నా మనసులో మాట ఇప్పుడు చెబుతున్నాను, కోప్పడకు. ఈసారి అమ్మని తిరిగి పంపాలని లేదు. ఇన్నేళ్ళూ నీ దగ్గరే ఉంది. నా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళిపోయేది, సంచి కూడా పూర్తిగా విప్పేది కాదు. ఒక్కసారైనా 'ఇది నా ఇల్లు' అనుకుని నా దగ్గర ఉండాలి. కొడుకుగా నాకింకేమీ అక్కర్లేదు.

అందుకే నువ్వు పాత చీరల్లో చుట్టి పంపిన ఫోటోలు అన్నిటికంటే ముందు బయటికి తీశాను. నాన్న కోటు వేసుకున్న ఫోటో, నువ్వు స్కూల్లో ఉండగా కుట్టిన హంస, కేలండర్లోంచి కోసి ఫ్రేము కట్టించిన మంచుకొండ, నీ పెళ్ళి ఫోటో, నేను ఆటల పోటీలో కప్పు పట్టుకుని ఏడుస్తున్న ఫోటో. (కప్పు గెలిచినవాడు ఎందుకేడ్చాడో నాకిప్పటికీ తెలియదు.) సుత్తీ మేకులూ పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళానో లేదో, కింది వాటాలోంచి ఓనరు ప్రత్యక్షమయ్యాడు. సుత్తి ఇంకా గోడకి తగలనేలేదు. ఆయనకెలా తెలిసిందో!

"మేకు కొట్టడానికి వీల్లేదండీ. ముందే చెప్పాను కదా" అన్నాడు.

"ఐదు మేకులే కదండీ, వెళ్ళేటప్పుడు పూడ్పించి వెళ్తాం" అన్నాను.

"అందరూ అదే అంటారు. ఈ గోడలకి రంగు నేను స్వయంగా వేసుకున్నాను" అని అరచేత్తో గోడని ఒకసారి నిమిరి వెళ్ళిపోయాడు.

పది అంతస్తుల బిల్డింగుల్లో మనుషులతో సహా లిఫ్టుని తాడుకి వేలాడదీసి బతుకుతున్నవాణ్ణి. నాన్న ఫోటో ఒకటి వేలాడదీయలేకపోతున్నాను. ఏదో ఒకటి చెయ్యాలి. నీకేదన్నా ఉపాయం తోస్తే రాయి, ఉపన్యాసం మాత్రం వద్దు.

నీ తమ్ముడు


జూన్ 15

చిన్నోడికి,

ఉపన్యాసం వద్దన్నావు కాబట్టి మొదట అదే.

అమ్మని తిరిగి పంపాలని లేదంటావా? అమ్మేమన్నా లైబ్రరీ పుస్తకమా, నీ దగ్గర ఉంచేసుకోవడానికి? నాకు మోకాలు అరిగింది గాని అమ్మ మీద ప్రేమ అరగలేదు. ఆవిడ ఏ వేళకి మందులు మింగుతుందో, ఏ పక్కకి తిరిగి పడుకుంటుందో నీకు తెలుసా? అయినా నీ ముచ్చట నేనెందుకు కాదనాలి! నేను లేచి తిరిగాక మాట్లాడుకుందాం.

ఇక ఉపాయం. వెనకాల జిగురు ఉండే హుక్కులు అమ్ముతున్నారట. కాగితం ఊడదీసి గోడకి అద్దడమే. బ్లౌజులు కుట్టించుకోవడానికి వచ్చే ఒకావిడ చెప్పింది, వాళ్ళింట్లో గడియారం, అద్దం అన్నీ వాటి మీదే నిలబడ్డాయట. గోడకి చుక్క మచ్చ కూడా పడదట. నువ్వు లిఫ్టుల మెకానిక్కువి, నీకీపాటి తెలియకపోవడమేమిటి? మీ బావగారికి నీ ఉత్తరం చదివి వినిపిస్తే నవ్వి నవ్వి టీ ఒంటి మీద పోసుకున్నారు.

మరదలు అమ్మకి వేళకి అన్నం పెడుతోందా? దానికీ ఉద్యోగం ఉంది, కాదనను. పొద్దున్నే ఇళ్ళకి వెళ్ళి రక్తం తీసుకుని లేబొరేటరీకి ఇచ్చి వచ్చేసరికి ఎండెక్కుతుంది. అప్పటిదాకా అమ్మ ఒక్కతే కూర్చోవాలి. అది ఆలోచించుకున్నావా?

అక్క


జూన్ 22

అక్కా,

నీ బ్లౌజులావిడని నాకు చూపించు, ఒక నమస్కారం పెట్టుకుంటాను.

హుక్కులు తెచ్చాను. ఎంత బరువైనా మోస్తాయని డబ్బా మీద పహిల్వాను బొమ్మ వేశారు. గోడ తుడిచి, ఆరబెట్టి, అదిమి పట్టుకుని, వాళ్ళు చెప్పిన తతంగమంతా చేశాను. ఫోటోలు ఐదూ ఎక్కాయి. అమ్మ మంచం మీద కూర్చుని చూసుకుంది, "ఆఁ, ఇప్పుడు ఇల్లులా ఉంది" అంది. ఆ మాట కోసమే కదా నా పాట్లన్నీ! అన్నం ఒక ముద్ద ఎక్కువే తిన్నాను ఆ పూట.

మర్నాడు పనిలో ఉండగా మీ మరదలు ఫోను చేసింది. మంచుకొండ కింద పడి అద్దం పగిలింది. నేను ఇంటికొచ్చేలోగా నీ పెళ్ళి కూడా పడింది. హుక్కు ఊడితే ఊడింది, పోతూ పోతూ ఓనరు రంగుని కూడా పొరలా లాక్కుపోయింది. గోడ మీద ఇప్పుడు రూపాయి బిళ్ళంత తెల్ల మచ్చలు రెండున్నాయి. బీరువా అటు జరిపి కప్పిపెట్టాను.

మిగిలినవి కూడా దింపి గోడవారగా నేలమీద ఆనించాను. అసలు బాధ అక్కడ మొదలైంది. పొద్దున్న లేచి చూసేసరికి అమ్మ తన చీరలన్నీ దుప్పట్లో మూట కట్టుకుని, చెప్పులేసుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"లారీ ఎన్నింటికి?" అంది.

నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత అర్థమైంది. నీకు గుర్తులేదూ? నాన్నకి ట్రాన్స్‌ఫర్ అయిన ప్రతిసారీ అమ్మ ముందు దింపేది ఫోటోలనే. కొత్త అద్దింట్లో దిగగానే, స్టవ్వు వెలిగించకముందే ఫోటోలు పెట్టేది. అమ్మ లెక్కలో ఫోటోలు గోడ మీదుంటే ఇల్లు, నేలమీదుంటే సామాను. ఎక్కడికీ వెళ్ళడం లేదమ్మా అని మూట విప్పి చీరలు బీరువాలో పెట్టాను. మర్నాడు మళ్ళీ మూట. రోజూ ఇదే తంతు. ఈ వయసులో రోజూ ఇల్లు ఖాళీ చేయిస్తున్నానక్కా అమ్మ చేత. నామీద నాకే ఒళ్ళు మండుతోంది.

నీ తమ్ముడు


జూన్ 29

చిన్నోడికి,

ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎక్కడో ఏదో అతకడం లేదు.

నా ఇంటికి కిందటేడు సున్నం వేయించినప్పుడు ఫోటోలన్నీ దింపి వరండాలో పెట్టాం. అన్ని రోజులూ అమ్మ ఒక్క చీర కూడా మడత పెట్టలేదు. ఫోటోలు దింపినంత మాత్రాన మూట కట్టుకునేదైతే నా దగ్గర కట్టుకోలేదేం? మనిషి ఊరికే మూట కట్టుకోదురా. మనసుకి కష్టం కలిగితే కట్టుకుంటుంది. ఎవరో ఏదో అనే ఉంటారు. నువ్వు పొద్దున పోయి సాయంత్రం వస్తావు, నీకేం తెలుస్తుంది? నేను పేరు పెట్టి ఎవరినీ అనడం లేదు. ఇంట్లో ఉండేదే ముగ్గురు.

అమ్మకి మతిమరుపు ఉన్నమాట నిజమే. స్టవ్వు మీద పాలు పెట్టి మర్చిపోతుంది. అంతే గాని ఇల్లూ వాకిలీ తెలియనంత కాదు.

నా ఆపరేషన్ వచ్చేవారం. భయంగా ఉందని మీ బావగారితో అనలేను, ఆయన నాకంటే ఎక్కువ భయపడుతున్నారు. నీకు రాస్తున్నాను, నువ్వు దూరంగా ఉన్నావు కాబట్టి ఫరవాలేదు. కిటికీ పరదా రాడ్డుంది కదా, దానికి తాడు కట్టి వేలాడదీసి చూడు. మేకు అక్కర్లేదు.

అక్క


జూలై 8

అక్కా,

ఆపరేషన్ బాగా జరిగిందని బావ ఫోను చేశాడు. మనసు కుదుటపడింది. నువ్వు మంచం మీద ఉన్నావని మర్యాదగా రాద్దామనుకున్నాను గాని నీ వల్ల నాకా భాగ్యం లేదు.

"ఇంట్లో ఉండేదే ముగ్గురు" అన్నావు. పేరు పెట్టకుండా ఇంతకంటే బాగా పేరు పెట్టడం ఎవరి వల్లా కాదు. నీ మరదలు అమ్మకి తల దువ్వుతుంది, గోళ్ళు తీస్తుంది, సూది పట్టుకునే ఆ చేత్తోనే ముద్దలు కలిపి పెడుతుంది. దాన్ని ఇంకోసారి అలా అన్నావంటే ఉత్తరాలు కూడా మానేస్తాను.

తాడు సంగతి. కట్టాను. ఫ్రేములు కిటికీకి అడ్డంగా వరుసగా వేలాడాయి. గాలి వచ్చినప్పుడల్లా నాన్న అటు తిరిగి గోడకేసి చూస్తారు, హంస వెళ్ళి నీ పెళ్ళిని గుద్దుతుంది. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే గలగల. అమ్మకి కళ్ళు తిరుగుతున్నాయంది. తీసేశాను. రెండువైపులా అంటుకునే టేపు కూడా వాడి చూశాను, దాని కథ వేరే రాయక్కర్లేదు, మచ్చలు ఇప్పుడు నాలుగయ్యాయి. బీరువా వాటన్నిటికీ చాలడంలేదు.

ఇంకో సంగతి. అమ్మకి నామీద కోపమొచ్చినట్టుంది. ఈమధ్య నన్ను 'మీరు' అంటోంది. చిన్నప్పుడు గుర్తుందా, మనమీద మరీ కోపమొస్తే "తమరు అన్నం తింటారా?" అని అడిగేది, మనకి ముద్ద దిగేది కాదు. ఇప్పుడూ అలాగే "మీరు కూర్చోండి" అంటుంది, నేను గదిలోకి వెళ్తే మంచం మీంచి లేచి నిలబడుతుంది. ఎందుకు కోపమమ్మా అంటే "అబ్బే, కోపమేముందండీ" అంటుంది. ఇది ఫోటోల గురించే. రోజుకొకసారి ఎక్కించి రోజుకొకసారి దింపుతుంటే ఏ మనిషికి విసుగు రాదు!

కాలు జాగ్రత్త. తొందరపడి మిషను దగ్గర కూర్చోకు.

నీ తమ్ముడు


జూలై 17

చిన్నోడికి,

పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే మోకాలిది తప్పు.

ఆపరేషన్‌కి ముందే నీకొకటి కుట్టి పెట్టాను, మీ బావగారు నిన్న పార్సెల్ చేశారు. మందపాటి గుడ్డతో పొడవాటి పరదా. దానికి ఐదు జేబులు, ముందువైపు కిటికీల్లా కత్తిరించి అంచు మడిచి కుట్టాను. ఫ్రేముని పైనుంచి జేబులోకి దింపితే బొమ్మ కనిపిస్తుంది, గాలికి ఊగదు, గోడకి తగలదు. పరదా రాడ్డుకి తొడిగెయ్యి. నాకు మేకులూ టేపులూ తెలియవు, సూదీ దారమూ తెలుసు.

మరదలి మాటెత్తవద్దన్నావు. ఎత్తను. అమ్మ ఫోనులో నాతో అన్నది మాత్రం రాస్తాను, నువ్వే ఆలోచించుకో. మొన్న బావుందా అమ్మా అంటే గొంతు తగ్గించి, "బాగానే ఉందే. ఫోటోలు పెట్టుకోవడమే ఇబ్బందిగా ఉంది. చూస్తే గొడవైపోతుంది. వచ్చేలోపల దింపెయ్యాలి" అంది. ఎవరమ్మా వచ్చేది అనేలోపల ఫోను మరదలు అందుకుంది. "అత్తయ్యకి నిద్రొస్తోంది వదినా" అంది. పట్టపగలు అంత నిద్రేమిటో!

ఆవిడ నిన్ను 'మీరు' అంటోందంటే కోపమే, నువ్వన్నది నిజమే. పెళ్ళాన్ని వెనకేసుకొస్తున్నావని కోపం.

అక్క


జూలై 27

అక్కా,

పరదా వచ్చింది. కుట్టు చూసి మీ మరదలు ముచ్చటపడింది, లోపలివైపు కూడా దారం ముడి కనిపించకుండా కుట్టావంది. ఐదు ఫోటోలూ జేబుల్లో పెట్టి రాడ్డుకి తొడిగాను. చూడముచ్చటగా ఉంది. సరిగ్గా గంటన్నా గడవలేదు, ఫ్రేములకి తోడు మందపాటి గుడ్డ బరువు కూడా పడేసరికి రాడ్డు పట్టే క్లాంపు గోడలోంచి ఇంత పెళ్ళతో సహా ఊడి వచ్చింది. ఐదు మేకులు కొట్టినా ఇంత బొక్క పడేది కాదక్కా! ఓనరు కిందనుంచి "ఏమిటా చప్పుడు?" అన్నాడు. "గిన్నె పడిందండీ" అన్నాను. నలభై దాటినవాణ్ణి, దొంగతనం చేసిన పిల్లాడిలా అబద్ధాలాడుతున్నాను.

అప్పుడు నాకు రోషమొచ్చింది. మా పనిలో లిఫ్టు బాగుచేసేటప్పుడు నేలకీ కప్పుకీ మధ్య ఇనప గొట్టాలు బిగించి ఊతం ఇస్తాం. అడుగున రబ్బరు, పైన రబ్బరు, మధ్యలో మర తిప్పితే బిగుసుకుంటుంది. పనికిరాని గొట్టాలు రెండు అడిగి తెచ్చుకుని, రంగు వేసి, గదిలో నిలబెట్టాను. వాటికి అడ్డపట్టీలు, పట్టీలకి కొక్కేలు. గోడకి ఎక్కడా తగలదు. ఏనుగు ఊగినా కదలదు. ఫోటోలు ఐదూ, పగిలిన అద్దం మార్పించిన మంచుకొండతో సహా, దర్జాగా వేలాడుతున్నాయి.

పనికి బయల్దేరేముందు చూసి వెళ్ళాను, అమ్మ వాటికెదురుగా కూర్చుని కొంగుతో నాన్న అద్దం తుడుస్తోంది. రోజంతా ఈల వేసుకుంటూ పనిచేశాను.

సాయంత్రం వచ్చేసరికి ఫోటోలన్నీ మంచం కింద ఉన్నాయి. మూట మంచం మీద ఉంది.

పడిపోలేదు. ఎవరో దింపారు. అడిగితే మీ మరదలు "తుడుద్దామని దింపాను, పెట్టడం మర్చిపోయాను" అంది. సరే అనుకుని పెట్టాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. రోజూ తుడవడానికి ఇదేమన్నా ఆపరేషన్ థియేటరా అన్నాను. తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నాకు అర్థం కావడం లేదు.

నీ తమ్ముడు


ఆగస్టు 3

చిన్నోడికి,

నీకు అర్థం కాకపోతే నాకు అర్థమైంది.

నేను మొదటినుంచీ అంటున్నాను, నువ్వు నామీద ఎగిరిపడ్డావు. ఇంటి మధ్యలో ఇనప గొట్టాలూ పాత ఫోటోలూ దానికి నచ్చలేదు, నీతో చెప్పలేక నువ్వు వెళ్ళగానే దింపేస్తోంది. అమ్మ అది చూసి 'ఇక్కడ నాకు చోటు లేదు' అనుకుని మూట కట్టుకుంటోంది. ఇందులో చిక్కుముడి ఏముంది? వెళ్ళగొట్టడానికి తిట్టనక్కర్లేదు, కొట్టనక్కర్లేదు. గోడ మీద ఫోటో దింపితే చాలు.

నాకు ఏడుపొస్తోంది. ఇదంతా నా మోకాలు తెచ్చిన తంటా. ఇప్పుడు చేతికర్రతో వంటింటిదాకా నడుస్తున్నాను. అమ్మని తీసుకొచ్చి దింపెయ్యి. ఇక్కడ గోడలన్నీ మేకులే, ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు. నీ మీద కోపంతో రాయడం లేదు. అమ్మ సుఖంగా ఉండడం కావాలా, నీ దగ్గరే ఉండడం కావాలా? అది తేల్చుకో.

అక్క


ఆగస్టు 9

అక్కా,

నిన్న ఇంట్లో పెద్ద గొడవైంది. "మా అమ్మ నీకు బరువైతే నాతో చెప్పు, ఆ ఫోటోల మీద చూపించకు" అన్నాను. పెళ్ళయినప్పటినుంచీ దాన్నెప్పుడూ అంత మాట అనలేదు. అది కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అమ్మ గదిలోంచి తొంగి చూసి గబుక్కున తలుపేసుకుంది.

నువ్వన్నదే నిజమేమో. నాకింక ఓపిక లేదు. గోడలతో పోట్లాడాను, ఓనరుతో పోట్లాడాను, నీతో పోట్లాడాను, చివరికి పెళ్ళాంతో పోట్లాడాను. ఇంత చేసినా అమ్మకి ఒక ఇల్లు ఇవ్వలేకపోయాను. వచ్చే ఆదివారానికి టిక్కెట్లు తీసుకుంటాను. అమ్మని నీ దగ్గర దింపేసి వస్తాను.

నీ తమ్ముడు


ఆగస్టు 13

చిన్నోడికి,

గది సిద్ధం చేయించాను. గెలిచానని అనుకోకు, నాకేమీ సంతోషంగా లేదు. దారిలో అమ్మకి నీళ్ళు తాగించు, అడిగితే వద్దంటుంది.

అక్క


ఆగస్టు 15

అక్కా,

ఆదివారం మేం రావడం లేదు. మందలించడానికి కలం అందుకునేముందు ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

నిన్న మేం పనిచేసే బిల్డింగులో కరెంటు పోయింది. రేపటిదాకా రాదన్నారు. టిక్కెట్లకి డబ్బు తీసుకోవడానికని మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. స్కూటరు గేటు దగ్గర ఆపి మెట్లెక్కుతుంటే కిటికీ తెరిచే ఉంది. లోపల మాటలు వినపడ్డాయి.

"తొందరగా తల్లీ, స్కూటరు చప్పుడైంది. ఓనరు వచ్చేశాడు. ముందు ఆయన ఫోటో అందుకో" అంటోంది అమ్మ.

నేను కిటికీలోంచి చూశాను. మీ మరదలు స్టూలెక్కి ఫోటోలు దింపి ఒక్కొక్కటీ అందిస్తోంది. అమ్మ వాటిని మంచం కింద పెట్టి దుప్పటి అంచు లాగి కప్పుతోంది. "భయపడకండి అత్తయ్యా, ఆయనేమీ అనరు" అంటోంది ఇది. "నీకు తెలియదమ్మా, నేనెంతమంది ఓనర్లని చూశానో. గోడ మీద గీత పడితే సామాను వీధిలో పెడతారు. ఇతగాడు మొన్న సాయంత్రం నిన్నెంత కేకలేశాడు! ఇంకో ఇల్లు వెతుక్కోవాలేమో, మూట కట్టే ఉంచాను" అంది అమ్మ.

ఇంటి ఓనరు మధ్యాహ్నంపూట నిద్రపోతాడు. ఆయనకి స్కూటరు లేదు. కేకలేసింది నేను.

నేను కిందకి దిగిపోయి స్కూటరు మీద కూర్చున్నాను. కాసేపటికి మీ మరదలు వచ్చింది. నా మొహం చూడగానే దానికి తెలిసిపోయింది.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"వచ్చిన కొన్నాళ్ళకే. మీరు రోజూ గోడలు తడిమి చూసుకోవడం, మచ్చలు లెక్కపెట్టుకోవడం, ఓనరు మాటే మాట్లాడటం చూసి ఎప్పుడో మిమ్మల్నే ఓనరనుకోవడం మొదలుపెట్టారు. వదిన దగ్గర సొంతిల్లు, అక్కడ ఓనరు లేడు. ఇక్కడ ఉన్నాడు కదా" అంది.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పమంటారు? మీ అమ్మ మిమ్మల్ని గుర్తుపట్టడం లేదని నా నోటితో ఎలా చెప్పమంటారు? ఆవిడ 'ఇది నా ఇల్లు' అనుకోవాలని మీరింత తపన పడుతున్నారు. పడితే నేనే మాటపడదామనుకున్నాను" అంది.

అక్కా, మనిద్దరం కలిసి దాన్ని ఎన్నేసి మాటలన్నామో ఒకసారి నా ఉత్తరాలు తీసి చూడు. నీవి నేను చూసుకున్నాను. నడివీధిలో దాని చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఎవరు చూశారో, ఏమనుకున్నారో నాకు తెలియదు.

తర్వాత దాన్ని ముందు పైకి పంపి, నేను గేటు దగ్గర కుళాయిలో మొహం కడుక్కుని మెట్లెక్కి, నా ఇంటికి నేనే బెల్లు కొట్టాను. అమ్మే తలుపు తీసింది. ఒక్క క్షణం, 'వచ్చావా నాన్నా' అంటుందేమోనని చూశాను. అనలేదు. కొంగు భుజం నిండా కప్పుకుని, "రండి బాబుగారూ, కూర్చోండి. అద్దె ఒకటో తారీఖునే ఇచ్చేశాం. గోడలు ఎక్కడా పాడుచెయ్యలేదు, కావాలంటే చూసుకోండి" అంది. అంటూనే బీరువాకి అడ్డంగా వెళ్ళి నిలబడింది, వెనకాల మచ్చలు నాకు కనపడకుండా. ఆ మచ్చలు చేసింది నేనే. అమ్మ నావైపు అంత భయంగా చూడటం నా జన్మలో ఎరగను.

"అమ్మా" అన్నాను. ఓనర్లు కూడా పెద్దవాళ్ళని అలాగే పిలుస్తారు కదా. "మీ ఫోటోలు మంచం కింద ఎందుకున్నాయి?"

అమ్మ మొహం పాలిపోయింది. "మేకు కొట్టలేదండి. ఒట్టు" అంది.

"కొట్టండి. ఇది మీరుండే ఇల్లు. మీ ఇష్టం వచ్చినచోట కొట్టుకోండి. మీరు కొట్టలేరు, నేను కొట్టిపెడతాను."

నమ్మలేదు. "తర్వాత ఖాళీ చెయ్యమనరు కదా?" అని అడిగింది. "ఈ ఇంట్లోంచి మిమ్మల్ని ఎవ్వరూ ఖాళీ చేయించరు" అన్నాను. అప్పుడు కూడా మీ మరదలి మొహం చూసింది. అది తలూపాక మంచం కిందనుంచి నాన్నని బయటికి తీసింది.

సుత్తి తెచ్చాను. ఎక్కడ కొట్టాలో అమ్మ వేలు పెట్టి చూపించింది. "ఇంకాస్త పైకి. ఆయన పొడుగు, కింద పెడితే బాగుండదు" అంది. మొదటి దెబ్బకే కింది వాటాలోంచి అసలు ఓనరు అరుస్తూ బయటికి వచ్చాడు. మీ మరదలు వెళ్ళి మెట్లకి అడ్డంగా నిలబడింది. ఆయనతో ఏం చెప్పిందో నాకు వినపడలేదు గాని, కేకలు ఆగాయి. ఆయన పైకి రాలేదు. రేపొచ్చి ఏమంటాడో అననీ, ఇల్లు పోయినా ఇంకోటి వెతుకుతాను, అక్కడా ముందు మేకులే కొడతాను.

ఐదు మేకులూ కొట్టాను. నీ హంస వంకరగా ఉందని సరిచేయించింది. అన్నీ ఎక్కాక దూరంగా నిలబడి చూసుకుంది. ఆ తర్వాత వెళ్ళి మూట విప్పింది. నేను చెప్పలేదు, మీ మరదలు చెప్పలేదు. చీరలన్నీ తనే తీసి బీరువాలో సర్దుకుంది, ఖాళీ దుప్పటి దులిపి మంచం మీద పరుచుకుంది. నేను అడిగింది ఇదే కదక్కా. ఇల్లు అమ్మదైంది. నేను మాత్రం పరాయివాణ్ణయ్యాను. దుఃఖపడాలో సంతోషపడాలో నాకిప్పటికీ తెలియడం లేదు.

నువ్వు రా. కాలు కుదిరాక బావని తీసుకుని రా. నిన్ను ఎవరనుకుంటుందో తెలియదు, ఏమనుకున్నా తట్టుకునేలా మనసు రాయి చేసుకుని రా. వచ్చేముందు మీ మరదలికి విడిగా ఒక ఉత్తరం రాయి. ఏం రాయాలో నేను చెప్పక్కర్లేదు.

ఇక వస్తానమ్మా అని లేచాను నిన్న. అమ్మ ఒప్పుకోలేదు. మీ మరదలి చేత టీ పెట్టించి, కుర్చీ నాన్న ఫోటోకి ఎదురుగా లాగి నన్ను కూర్చోబెట్టింది. "అప్పుడే వెళ్ళకండి. మా అబ్బాయి వచ్చే వేళైంది. లిఫ్టులు బాగుచేస్తాడు. ఈ ఫోటోలు పెట్టాలని పాపం నాకోసం ఎన్ని తిప్పలు పడ్డాడో! ఇవి చూశాడంటే ఎగిరి గంతేస్తాడు. మీరే పెట్టారని నేను చెబితే నమ్మడు, మీరు ఉండి చెప్పాలి" అంది.

తలుపు తీసే ఉంచింది. ఇద్దరం మెట్లవైపు చూస్తూ కూర్చున్నాం. వాడు వచ్చేదాకా ఉండాలి కదా అని నేనూ కూర్చున్నానక్కా.

నీ తమ్ముడు